జర్మన్ ‘లిస్ట్’కు చెడ్డపేరు ఎలా వచ్చింది?

సంక్షిప్తంగా: జర్మన్‌లో ‘లిస్ట్’ అంటే నేడు ఎత్తు, జిత్తు, కుటిలమైన తెలివి. ఎనిమిది వందల ఏళ్ల కిందట అదే మాటకు విద్య, నేర్పు, పనితనం అన్న అర్థాలు కూడా ఉండేవి. ఈ దిగజారుడుకు జర్మన్ల నీతిబోధ ఒక్కటే కారణం కాదు. పక్కనున్న మాటల వాటాలు మారడం, ఎవరి విద్యను ఎవరు వర్ణిస్తున్నారన్నది కూడా కారణాలే. తెలుగులో దీనికి దగ్గరి మాట ‘మోసం’ కాదు, ‘యుక్తి’.

జర్మనీలో చదువుతున్న విదేశీ విద్యార్థుల్లో ఇప్పుడు భారతీయులదే అతిపెద్ద వాటా. 2023–24 శీతాకాల సెమిస్టర్ నాటికే వారి సంఖ్య దాదాపు 49 వేలు. నర్సింగ్ కొలువుల కోసం జర్మన్ నేర్చుకుంటున్నవాళ్లు వీరికి అదనం. రెండు తెలుగు రాష్ట్రాల నుంచీ ఇలా వెళ్లేవాళ్లు ఉన్నారు. వాళ్లందరికీ ఏదో ఒక దశలో ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ‘తెలివైన’ అన్న ఒక్క మాటకు జర్మన్ అరడజను మాటలు చేతిలో పెడుతుంది: క్లూగ్, ష్లౌ, గెషైట్, గెవిట్స్ట్, ప్ఫిఫిగ్, లిస్టిగ్. చిన్న నిఘంటువులు అన్నిటికీ దాదాపు ఒకే అర్థం రాసి ఊరుకుంటాయి. ప్రొఫెసర్‌ను ‘క్లూగ్’ అంటే మెప్పు. అదే మనిషిని ‘లిస్టిగ్’ అంటే ఆయన వెనక ఏం గూడుపుఠాణీ నడుపుతున్నాడా అని పక్కవాడు ఆరా తీస్తాడు.

ఈ ఆరింటిలో చరిత్ర లోతుగా ఉన్నది చివరిదానికే. ‘లిస్టిగ్’కు మూలమైన నామవాచకం ‘లిస్ట్’. జర్మన్ క్రిమినల్ చట్టంలో ఇది బలప్రయోగం, బెదిరింపుల సరసన ఉంటుంది. జర్మన్ తత్వవేత్త హెగెల్ ఆలోచనలో మాత్రం సాక్షాత్తూ ప్రజ్ఞకే ఆయుధం. గ్రీకు పురాణ వీరుడు ఒడిస్యూస్‌కు జర్మన్లు కట్టబెట్టిన ‘లిస్టెన్‌రైష్’ (ఉపాయాల గని) అన్న విశేషణంలో కూడా ఉన్నది ఇదే. నేరానికీ తత్వానికీ పొగడ్తకూ ఒకే మాట ఎలా సరిపోయిందన్నది అసలు ప్రశ్న.

జాబితాతో చుట్టరికం లేదు

ముందు ఒక గందరగోళం తీర్చాలి. మనం రోజూ వాడే ఓటర్ల లిస్టు, రేషన్ లిస్టులతో ఈ జర్మన్ మాటకు సంబంధం లేదు. జాబితాను జర్మన్‌లో ‘లిస్టె’ అంటారు. అది ఇటాలియన్ ‘లిస్టా’ నుంచి వచ్చింది. దాని పాత అర్థం అంచు, పట్టీ, సన్నని చీలిక. పొడవాటి కాగితపు పట్టీ మీద పేర్లు రాయడం వల్ల జాబితా అయింది. చిక్కేమిటంటే ‘లిస్ట్’కూ ‘లిస్టె’కూ బహువచనం ఒక్కటే: ‘లిస్టెన్’. ఏది జాబితాలో, ఏది జిత్తులో సందర్భమే చెప్పాలి.

చాలు వెంట పుట్టిన తెలివి

జర్మానిక్ భాషాశాస్త్రం ‘లిస్ట్’ను ఒక పాత ధాతువుకు ముడిపెడుతుంది. దాని అర్థం జాడ, చాలు, బండి చక్రం వేసిన గాడి. ఈ కుటుంబంలోని మిగతా సభ్యులను చూస్తే సంగతి తేటపడుతుంది. జర్మన్‌లో ‘లెర్నెన్’ అంటే నేర్చుకోవడం, ‘లేరెన్’ అంటే నేర్పడం, ‘గ్లైస్’ అంటే రైలు పట్టా. చెప్పులు కుట్టేవాళ్లు తోలును బిగించే పాదం ఆకారపు అచ్చును ‘లైస్టెన్’ అంటారు. పాదం వేసే ముద్రే ఆ అచ్చుకు పేరైంది. ఇంగ్లిష్ ‘లెర్న్’ ఈ ఇంటి పిల్లే. లాటిన్‌లో ‘లీరా’ అంటే పొలంలో నాగలి చాలు. చాలు వదిలి పక్కకు పోవడమే ‘డెలిరారె’, అక్కడి నుంచే మతిభ్రమకు వైద్యులు వాడే ‘డెలీరియం’ వచ్చింది.

తెలుగువాళ్లకు ఈ ఊహ కొత్తది కాదు. మనకూ మనిషి ‘గాడి తప్పుతాడు’, సంసారం ‘గాడిన పడుతుంది’. జర్మన్‌లో ‘ఔస్ డెమ్ గ్లైస్ గెరాటెన్’ అన్న జాతీయానికి మాటకు మాట అర్థం ఇదే.

జాడకూ తెలివికీ లంకె ఎక్కడ? జర్మన్‌కు చుట్టమైన పాత భాష గోతిక్‌లో ఒక ఆనవాలు మిగిలింది. నాలుగో శతాబ్దంలో బిషప్ వుల్ఫిలా చేసిన బైబిల్ అనువాదంలో ‘లైస్’ అన్న క్రియ ఉంది. అర్థం ‘నాకు తెలుసు’. రూపాన్ని బట్టి చూస్తే అది భూతకాలం: ‘జాడ పట్టి వెళ్లాను, కనుక తెలుసు’ అన్నట్టు. ఆ జాడ వేటగాడిదా, దున్నేవాడిదా అన్నది ఊహకు వదిలేయాల్సిన విషయం. తిరిగి తెలుసుకున్నదే తెలివి అన్నంతవరకు మాత్రం మాటలే సాక్ష్యం చెబుతున్నాయి. ‘లిస్ట్’ ఆ క్రియకు పుట్టిన నామవాచకం, అంటే అనుభవంతో అబ్బిన నేర్పు. తెలుగులో ‘నేర్చు’ నుంచి ‘నేర్పు’ వచ్చిన తీరు సరిగ్గా ఇదే.

మనకూ జర్మన్లకూ ఇక్కడొక తేడా ఉంది. తెలుగు ‘తెలివి’ కాళ్లతో వచ్చింది కాదు, వెలుతురుతో వచ్చింది. తెలియడం అంటే తేటపడడం, ‘తెల్ల’, ‘తెలుపు’ దాని బంధువులే. అందుకే స్పృహ పోయినా ‘తెలివి తప్పింది’ అంటాం. జర్మన్ ‘లిస్ట్’కు ఆ వెలుగు లేదు, కాళ్లకు అంటిన మట్టి ఉంది. దాని తర్వాతి కథకు ఈ మట్టి కొంతవరకు కారణం.

ఉమ్మడి ఆస్తి పంపకం

1931లో జర్మన్ భాషావేత్త యోస్ట్ ట్రియర్ ‘బుద్ధి’కి సంబంధించిన జర్మన్ పదజాలం మీద ఒక పెద్ద పరిశోధన గ్రంథం వెలువరించాడు. ఒక్కో మాట చరిత్రను విడిగా రాస్తే లాభం లేదన్నది ఆయన వాదం. ఒకే భావక్షేత్రంలోని మాటలు ఉమ్మడి కుటుంబంలోని అన్నదమ్ముల్లాంటివి. ఒకరి వాటా పెరిగితే ఇంకొకరిది తగ్గాల్సిందే. ‘లిస్ట్’ కథే ఆయనకు ముఖ్య ఉదాహరణ.

ట్రియర్ లెక్క ప్రకారం 1200 ప్రాంతంలో ఆ ఇంటికి పెద్ద ‘వీస్‌హైట్’, నేటి ‘వైస్‌హైట్’. అంటే జ్ఞానం, వివేకం. మొత్తం తెలివికి గొడుగు లాంటి మాట అది. దాని కింద ఇద్దరు. మొదటిది ‘కున్‌స్ట్’: రాజాస్థానంలో, వీరుల లోకంలో గౌరవం ఉన్న విద్య, మర్యాద, కవిత్వం. రెండోది ‘లిస్ట్’: ఆస్థానం గడప బయటి నైపుణ్యం. చేతిపనులు, మూలికా వైద్యం, నక్షత్రాల లెక్కలు, మంత్రవిద్య ఇందులోకి వస్తాయి. మంత్రవిద్యకు ‘త్సౌబర్‌లిస్ట్’ అన్న సమాసమే ఉండేది. అప్పట్లో ఈ మాట ఎక్కువగా పుంలింగం, నేడు స్త్రీలింగం.

వందేళ్లు గడిచేసరికి పంపకం మారిపోయింది. 1300 నాటికి ‘వైస్‌హైట్’ గొడుగు పని మానేసి, మార్మిక సాధువుల రచనల్లో దైవజ్ఞానం వైపు జరిగింది. ‘కున్‌స్ట్’ కులీనుల ఇంటి నుంచి బయటికి వచ్చి, పనితనం, శాస్త్రం, కళ వైపు పాకింది. ఖాళీ అయిన చోటికి ‘విస్సెన్’ అనే మూడోది వచ్చి చేరింది. అర్థం తెలిసి ఉండడం, ఎరుక. మరి ‘లిస్ట్’? దాని గౌరవనీయమైన పొలాన్ని ‘కున్‌స్ట్’ దున్నుకుంది. మిగిలింది మంత్రం, మాయ, మాటు. తెలివి అన్న క్షేత్రం నుంచి అది దాదాపు వెలివేతకు గురైంది.

సంస్కృతంతో పోలిస్తే మరో సంగతి కనిపిస్తుంది. ‘విస్సెన్’, ‘వైస్‌హైట్’ల ధాతువూ మన ‘వేదం’, ‘విద్య’ల ధాతువూ ఒకటే. ‘కున్‌స్ట్’ వెనకున్న ‘క్యొన్నెన్’ (చేతనవడం) ధాతువూ మన ‘జ్ఞానం’ ధాతువూ ఒకటే. అంటే పంపకంలో నెగ్గిన మాటల చుట్టాలు ఇక్కడా పూజామందిరంలోనే ఉన్నాయి. ఇది భాషల మధ్య ఏదో రహస్య ఒప్పందమని కాదు, ఇండో-యూరోపియన్ వారసత్వంలో ఆ ధాతువులకు పట్టిన అదృష్టం అంతే.

ట్రియర్ నమూనాకు అడ్డుపడే సాక్ష్యం

ట్రియర్ గీసిన బొమ్మ అందంగా ఉంటుంది, కాస్త ఎక్కువ అందంగా. మాటలు గచ్చు మీద పలకల్లా ఒకదాని అంచుకు ఒకటి అతుక్కుని ఉండవని, ఒకదాని మీద ఒకటి పడుతూ ఉంటాయని తర్వాతి పండితులు ఆక్షేపించారు. ఆయన తీసుకున్న ఆధారాలు ఆస్థాన కవులవి, సాధువులవి. ‘లిస్ట్’ ఎవరి సొత్తో ఆ కమ్మరి, ఆ వైద్యురాలు రాసిపెట్టింది ఏమీ లేదు. ఎదుటివాడి పనితనాన్ని పైమెట్టు మీద నిలబడి వర్ణించినవాళ్ల మాటే మనకు దక్కింది. ‘లిస్ట్’ దిగజారిందని చెప్పేటప్పుడు ఎవరి నోట దిగజారిందన్నది కూడా అడగాలి.

ఇంకో అడ్డంకి కాలానికి సంబంధించింది. పైన చెప్పిన గోతిక్ అనువాదంలో, ఎఫెసీయులకు రాసిన లేఖ ఆరో అధ్యాయం 11వ వచనంలో, ‘లిస్టిన్స్ డియబులౌస్’ అన్న ప్రయోగం ఉంది. అంటే సాతాను లిస్టులు. తెలుగు బైబిల్‌లో ఇదే చోట ‘అపవాది తంత్రములు’ అని ఉంటుంది. 1200 నాటి పంపకానికి ఎనిమిది శతాబ్దాల ముందే, జర్మన్‌కు అక్కచెల్లెలి వరస భాషలో, ఈ మాట సాతాను పక్కన నిలబడింది. అందుకని ‘మొదట మంచిది, తర్వాత చెడింది’ అని గీత గీసినట్టు చెప్పడం కుదరదు. మంచి, చెడు రెండూ మొదటి నుంచీ దాని కడుపులోనే ఉన్నాయి. పంపకం చేసిందల్లా మంచి సగాన్ని వేరే పేరు మీద రాసివ్వడం.

తెలుగులో ‘విద్య’ను చూస్తే ఈ ప్రక్రియ ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది. ఏకవచనంలో విద్య మహా గౌరవనీయం. బహువచనంలోకి దిగితే ‘టక్కుటమార విద్యలు’, ‘గజకర్ణ గోకర్ణ విద్యలు’. ‘ఈ విద్యలన్నీ ఎక్కడ నేర్చావురా’ అన్న మాటలో మెచ్చుకోలు వెతికితే దొరకదు. అయినా ‘విద్య’ పడిపోలేదు, ఎందుకంటే దాన్ని బడి, విశ్వవిద్యాలయం, విద్యాశాఖ పట్టుకుని నిలబెట్టాయి. జర్మన్ ‘లిస్ట్’కు అలాంటి సంస్థ ఏదీ అండగా నిలవలేదు. విశ్వవిద్యాలయం ‘విస్సెన్‌షాఫ్ట్’ను (శాస్త్రం) తీసుకుంది, అకాడమీ ‘కున్‌స్ట్’ను తీసుకుంది.

ఐస్‌లాండ్‌లో అదే మాట, వేరే గతి

ఈ వాదానికి బలమైన రుజువు జర్మనీ బయట ఉంది. స్కాండినేవియా వాళ్ల పాత భాష నార్స్‌లో ‘లిస్ట్’ అంటే కళ, నేర్పు. నేటి ఐస్‌లాండిక్‌లో దానికి ఇప్పటికీ అదే అర్థం: కళ. కళాకారుడు ‘లిస్టామాదుర్’. రేక్యవిక్‌లోని జాతీయ కళామందిరం పేరు ‘లిస్టాసాఫ్న్ ఈస్‌లాండ్స్’. జర్మన్ తెలిసిన మనిషి ఆ బోర్డు చూస్తే ఒక క్షణం ‘జిత్తుల సంగ్రహాలయం’ అనుకునే ప్రమాదం ఉంది.

స్వీడిష్, డేనిష్, డచ్ భాషల్లో మాత్రం ‘లిస్ట్’ జర్మన్‌లాగే జిత్తే. ఇక్కడ గమనించాల్సింది: స్వీడిష్‌లో కళకు ‘కోన్‌స్ట్’, డేనిష్‌లో ‘కున్‌స్ట్’, డచ్‌లో ‘కున్‌స్ట్’. మధ్యయుగపు జర్మన్ వర్తకుల భాష ప్రభావంతో స్కాండినేవియా ప్రధాన భూభాగంలోకి జర్మన్ మాటలు వరదలా వచ్చాయి. ‘కున్‌స్ట్’ అడుగుపెట్టిన ప్రతిచోటా ‘లిస్ట్’ కిందికి జరిగింది. ఐస్‌లాండ్‌లో కళ అన్న ఆసనం ఇంకా ‘లిస్ట్’దే, అక్కడ అది దిగలేదు. భావక్షేత్రాల పోటీ గురించి ట్రియర్ చెప్పింది వివరాల్లో ఎంత చర్చనీయమైనా, ఈ సరిపోలికను తోసిపుచ్చడం కష్టం.

ఇంగ్లిష్‌లో మరో దారి. పాత ఇంగ్లిష్‌కు కూడా నేర్పు అన్న అర్థంలో ‘లిస్ట్’ ఉండేది, అది మాయమైంది. దాని చోటికి వచ్చిన ‘కన్నింగ్’ కూడా మొదట ఎరుక, చేతనవడమే, తర్వాత జిత్తులమారితనంగా దిగింది. ‘క్రాఫ్ట్’ చేతిపనిగా గౌరవం నిలుపుకుంది, దాని పిల్ల ‘క్రాఫ్టీ’ చెడిపోయింది. పనితనానికి పెట్టిన పేరు అనుమానానికి పేరుగా మారడం ఒక్క జర్మన్ల జబ్బు కాదన్నమాట.

ఒకే పాము, రెండు విశేషణాలు

సగటు జర్మన్ చెవిలో ఈ మాట ధ్వనిని స్థిరపరచినవాళ్లలో మార్టిన్ లూథర్ ముఖ్యుడు. 1534లో పూర్తి బైబిల్‌గా వచ్చిన ఆయన అనువాదంలో, ఆదికాండం మూడో అధ్యాయపు పాము సమస్త జంతువులకంటే ‘లిస్టిగర్’, అంటే ఎక్కువ లిస్టిగ్. అదే లూథర్ మత్తయి సువార్త పదో అధ్యాయంలో ‘పాముల్లా ఉండండి’ అని శిష్యులకు చెప్పే చోట ‘క్లూగ్’ వాడాడు. పాము అదే. మోసగించినప్పుడు లిస్టిగ్, ఆదర్శమైనప్పుడు క్లూగ్.

పాత గ్రీకు బైబిల్‌లో ఈ రెండు చోట్లా ఒకే మాట ఉంది: ‘ఫ్రోనిమోస్’, వివేకి. ఆదికాండాన్ని హీబ్రూ నుంచి చేసిన లూథర్ ఆ ఏకత్వాన్ని పాటించలేదు. ఆసక్తికరంగా తెలుగు బైబిల్ కూడా ఇదే విభజన చేసింది. ఆదికాండంలో సర్పం ‘యుక్తిగలదై యుండెను’, మత్తయిలో ‘పాములవలె వివేకులు’. జర్మన్‌లో లిస్ట్‌కూ క్లూగ్‌కూ ఉన్న దూరమే తెలుగులో యుక్తికీ వివేకానికీ ఉందనడానికి ఇంతకంటే మంచి కొలమానం దొరకదు.

చట్టం చేతిలో

‘లిస్ట్’ ఎంత చెడ్డదో తేల్చుకోవాలంటే దానికి తగిలించిన ముందుమాటలు చూడాలి. ‘ఆర్గ్’ అంటే చెడు, ‘ఆర్గ్‌లిస్ట్’ అంటే చెడు లిస్ట్. ‘హింటర్’ అంటే వెనక, ‘హింటర్‌లిస్ట్’ అంటే వెన్నుపోటు తరహా కుట్ర. లిస్ట్ తనంతట తానే చెడ్డదైతే దానికి ‘చెడ్డ’ అని ముందు కలపాల్సిన అవసరం ఉండేది కాదు. మధ్యయుగపు ఒప్పంద పత్రాల చివర ‘ఆర్గ్‌లిస్ట్ లేకుండా’ అన్న హామీ తరచూ కనిపిస్తుంది. మన పాత దస్తావేజుల్లోని ‘మనఃపూర్వకంగా రాయించి ఇచ్చిన’ లాంటి లాంఛనమే అది. తెలుగులో ‘యుక్తి’కి ‘కు’ చేర్చి ‘కుయుక్తి’ చేసిన పద్ధతీ ఇదే.

నేటి జర్మనీలో ఉద్యోగ ఒప్పందమో, అద్దె ఒప్పందమో చేసుకునేవాళ్లకు ఈ మాట పండితుల సరదా కాదు. 1900 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న జర్మన్ పౌర స్మృతి 123వ సెక్షన్ ప్రకారం, ‘ఆర్గ్‌లిస్టిగె టోయిషుంగ్’ (లిస్ట్‌తో చేసిన వంచన) వల్ల ఒప్పందానికి ఒప్పుకున్న మనిషి ఆ ఒప్పందాన్ని రద్దు చేయించుకోవచ్చు. వంచన బయటపడిన నాటి నుంచి గడువు ఒక ఏడాది. దొంగ సర్టిఫికెట్‌తో కొలువు సంపాదించిన కేసులు ఈ కిందికే వస్తాయి.

మామూలు వాడుకకూ చట్టపు అర్థానికీ ఇక్కడ దారి చీలుతుంది. పేరులో ‘చెడు’ ఉన్నా, న్యాయస్థానాలు దుర్బుద్ధిని నిరూపించమని అడగవు. తెలిసి చెప్పిన అబద్ధం చాలు. అంతేకాదు, నిజమో కాదో చూసుకోకుండా గాలిలో విసిరిన హామీ కూడా ఆర్గ్‌లిస్ట్ కిందికి రావచ్చు. ‘ఈ కారుకు ఎప్పుడూ యాక్సిడెంట్ కాలేదు’ అని ఏ పరీక్షా లేకుండా బల్లగుద్ది చెప్పే సెకండ్ హ్యాండ్ అమ్మకందారు దీనికి పాఠ్యపుస్తకాల ఉదాహరణ. మరోవైపు, అడగకూడని ప్రశ్నకు చెప్పిన అబద్ధానికి ఈ శిక్ష లేదు. ఇంటర్వ్యూలో ‘గర్భవతివా’ అని అడిగితే, అబద్ధం చెప్పే వెసులుబాటును జర్మన్ కార్మిక న్యాయం గుర్తించింది. పేరులో దుర్మార్గం ఉన్న వంచనకు దుర్మార్గం అక్కర్లేదు, నిజంగా చెప్పిన అబద్ధానికి ఒక్కోచోట పేరే లేదు. చట్టం మాటను తీసుకుని తన అచ్చు మీద కుట్టుకుంటుంది.

క్రిమినల్ చట్టంలో విడి ‘లిస్ట్’ కూడా ఉంది. మనుషుల అపహరణకు సంబంధించిన 234వ సెక్షన్‌లో బలప్రయోగం, తీవ్రమైన బెదిరింపు, లిస్ట్ అని మూడు సాధనాలు వరసగా చెప్పారు. యుద్ధానికి వస్తే గాలి తిరుగుతుంది. యుద్ధ నియమాలను చెప్పే 1907 నాటి హేగ్ నిబంధనల 24వ అధికరణం ‘క్రీగ్స్‌లిస్ట్’ను, అంటే యుద్ధతంత్రాన్ని, అనుమతించింది. ఉత్తుత్తి గుడారాలు వేయడం తప్పు కాదు. తెల్లజెండా ఎత్తి కాల్పులు జరపడం తప్పు, ఎందుకంటే అక్కడ శత్రువు నమ్మకాన్నే ఆయుధం చేసుకున్నారు.

గెలిచిన లిస్ట్‌కు పేరు మార్పు

1140లో జర్మన్ రాజు మూడో కొన్రాడ్ వైన్స్‌బెర్గ్ కోటను ముట్టడించి లొంగదీసుకున్నాడు. ఆడవాళ్లు తమ భుజాల మీద మోయగలిగినది తీసుకుని వెళ్లిపోవచ్చని అనుమతి ఇచ్చాడట. వాళ్లు నగానట్రా వదిలేసి, మొగుళ్లను వీపున ఎక్కించుకుని దిగివచ్చారు. ఇది మోసమని రాజు అన్న డ్యూక్ ఫ్రెడరిక్ అభ్యంతరం చెబితే, రాజు మాటకు తిరుగులేదని కొన్రాడ్ వాళ్లను వెళ్లనిచ్చాడు. కొలోన్ రాజచరిత్ర అనే మధ్యయుగపు గ్రంథం చెప్పే కథ ఇది, ఎంత నిజమో చరిత్రకారుల తగవు.

అచ్చమైన లిస్ట్ అంటే ఇదే: ఎదుటివాడి మాటనే పట్టుకుని, అబద్ధం ఆడకుండా, అతని ఉద్దేశాన్ని తలకిందులు చేయడం. తెనాలి రామకృష్ణుడి చాటుకథల్లో సగం ఈ కొలిమిలోవే. కానీ ఆ కోట శిథిలాలకు జర్మన్లు పెట్టుకున్న పేరు ‘వైబర్‌ట్రొయ్’, అంటే స్త్రీల విశ్వాసపాత్రత. ‘వైబర్‌లిస్ట్’ (స్త్రీల జిత్తు) అన్న మాట భాషలో ఉండగానే, ఇక్కడ దాన్ని తాకలేదు. లిస్ట్ మంచిపనికి ఉపయోగపడిన మరుక్షణం భాష దాని పేరు మార్చేస్తుంది. చెడ్డవి మాత్రం ఆ ఖాతాలోనే జమవుతాయి. ఇలా జమవుతూ పోతే ఏ మాటైనా చెడకుండా ఎలా ఉంటుంది?

ఎదురు దిశలో వచ్చిన ‘ష్లౌ’

అన్ని మాటలూ కిందికే పోవు. ‘ష్లౌ’ ఉత్తర జర్మన్ మాండలికం నుంచి 16వ శతాబ్దంలో సాహిత్య భాషలోకి వచ్చింది, అప్పుడు అది నక్కజిత్తులకు దగ్గర. ఇప్పుడు చురుకైన పిల్లల్ని ‘ష్లౌ’ అని ముద్దుగా అంటారు. ‘జిష్ ష్లౌ మాఖెన్’ అంటే ఒక విషయం గురించి వివరాలు కనుక్కోవడం. అనుమానపు వాసన ‘బావర్న్‌ష్లౌ’ వంటి సమాసాల్లోనే కాస్త మిగిలింది. అది రైతు గడుసుతనం, చదువు లేకపోయినా తన లాభం తాను చూసుకునే తెలివి. ఆ మాటలో ఉన్నది రైతు గుణం కంటే అతన్ని చూసిన పట్నవాసి చూపు.

‘గెషైట్’కు మూలం ‘షైడెన్’, విడదీయడం. సంస్కృత ‘ఛేదం’ దీని దూరపు చుట్టం. పాలూ నీళ్లూ వేరుచేయగలగడమే బుద్ధి అన్న ఊహ మన ‘వివేకం’లోనూ ఉంది. ఆ మాటకు కూడా ధాత్వర్థం వేరుచేయడమే. ‘విట్స్’ ఒకప్పుడు బుద్ధి, ఇప్పుడు జోకు. పాత అర్థం ‘ముటర్‌విట్స్’లో (పుట్టుకతో వచ్చిన తెలివి) బతికుంది.

గట్టి జిత్తులమారికి జర్మన్‌లో ఇంకో కుప్ప మాటలున్నాయి. అన్నీ దెబ్బలు తిన్న వస్తువుల వర్ణనలే. ‘గెరీబెన్’ అరగదీసినది, ‘డుర్ష్‌ట్రీబెన్’ అటునుంచి ఇటు తోలినది, ‘ఔస్‌గెకోఖ్ట్’ బాగా మరిగించినది, ‘ఆబ్‌గెఫైమ్ట్’ నురగ తీసినది. ‘అన్ని నీళ్లలో కడిగినవాడు’ అని జాతీయం. తెలుగు కూడా ఈ వైపే ఆలోచించింది: రాటుదేలినవాడు, కాకలు తీరినవాడు, ఢక్కామొక్కీలు తిన్నవాడు, ఒక్క ముక్కలో ‘ముదురు’. రెండు భాషల్లోనూ ఈ రకం తెలివి పుట్టుకతో రాదు, లోకం కొట్టగా వస్తుంది.

హెగెల్ ఎందుకు ఈ మాటే ఎంచుకున్నాడు

హెగెల్ చనిపోయాక 1837లో అచ్చయిన చరిత్ర తత్వ ఉపన్యాసాల్లో ‘లిస్ట్ డెర్ ఫెర్నున్ఫ్ట్’ (ప్రజ్ఞ పన్నే లిస్ట్) అన్న ప్రయోగం ఉంది. ప్రజ్ఞ తానుగా రంగంలోకి దిగదు. మనుషుల ఆశలు, కోపాలు, పదవీకాంక్షలు ఒకదానితో ఒకటి కొట్టుకుని అరిగిపోతుంటాయి, ఆ ఘర్షణలో నుంచి ప్రజ్ఞ తన పని జరిపించుకుంటుంది. తర్కశాస్త్రంలో ఆయన ఇదే ఊహను పనిముట్టుతో వివరించాడు: మనిషి తనకూ వస్తువుకూ మధ్య పనిముట్టును పెడతాడు, అరిగేది అది, పని తీరేది మనిషికి.

ఇక్కడ ‘లిస్ట్’ను మోసమని చదివితే హెగెల్ చెప్పింది ఏదో దేవుడి కుట్రలా వినిపిస్తుంది. పనిముట్టు ఉదాహరణ చూస్తే ఆయన మనసులో ఉన్నది మాట పాత పొర, అంటే పనితనం. కొత్త పొర కూడా ఆయనకు కావాలి, ఎందుకంటే ఆ మనుషులకు తాము వాడబడుతున్నట్టు తెలియదు. రెండు పొరలూ ఒకేసారి మోగే మాట ఆయనకు ఇదొక్కటే దొరికింది.

1988లో స్విస్ చైనా పండితుడు హారో ఫాన్ జెంగర్ చైనీయుల 36 యుద్ధతంత్రాల మీద రాసిన పుస్తకంతో జర్మన్‌లో ఈ మాట మళ్లీ చర్చలోకి వచ్చింది. చైనీస్‌లో వివేకానికీ లిస్ట్‌కూ ఒకే అక్షరం సరిపోతుందని, పాశ్చాత్యులు లిస్ట్‌ను పాపంగా చూసి దాన్ని గుర్తుపట్టే శక్తినే పోగొట్టుకున్నారని ఆయన వాదం. ‘లిస్ట్’ను నిందలేని మాటగా వాడటానికి ఆయన పేజీల కొద్దీ సంజాయిషీ రాయాల్సి వచ్చింది. వాడుక అంత సులభంగా వెనక్కి తిరగదు.

తెలుగులో ఏ మాట పెట్టాలి

తెలుగులో దగ్గరి అభ్యర్థులు ఉపాయం, ఎత్తుగడ, తంత్రం, జిత్తు, కపటం, యుక్తి. ‘ఉపాయం’ మరీ మంచిది, ‘కపటం’ మరీ చెడ్డది. ‘యుక్తి’కి ఒక చివర తర్కం (‘యుక్తియుక్తంగా’), రెండో చివర పన్నాగం ఉన్నాయి, మధ్యలో నేర్పు ఉంది. ‘కు’ చేరిస్తే ఆర్గ్‌లిస్ట్ వస్తుంది. హెగెల్ మాటను ‘ప్రజ్ఞ పన్నిన యుక్తి’ అంటే రెండు పొరలూ నిలుస్తాయి. క్రీగ్స్‌లిస్ట్‌కు ‘యుద్ధతంత్రం’ ఉండనే ఉంది. ‘లిస్టిగెస్ లెష్యెల్న్’ అంటే కళ్లలో మెరిసే కొంటె నవ్వు. అక్కడ యుక్తి కూడా బరువే, ‘గడుసు నవ్వు’ అంటే సరి. పౌర స్మృతిలోని 123వ సెక్షన్‌ను అనువదించేటప్పుడు మాత్రం ‘కుయుక్తి’ పెట్టకూడదు. అక్కడ దుర్బుద్ధి అక్కర్లేదని పైన చూశాం గనుక, ‘తెలిసి చేసిన వంచన’ అని విడమరచి రాయడమే క్షేమం.